అలుగు నీళ్లు ఎటు పోవాలె?

మా ఊరి చెరువు అలుగు పారిందంటే పండుగే. నల్గొండ జిల్లాలో పుట్టినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి చెరువు నిండి, రాతికట్టు మీంచి నీళ్లు దుంకుతుంటే ఊరు ఊరంతా అక్కడే ఉండేది. పిల్లలం కింద మడుగులో పాత చీరలు పరిచి చేపపిల్లలు పట్టేవాళ్లం. ఆడవాళ్లు కట్ట మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి నీళ్లలో పసుపు కుంకుమ వేసేవాళ్లు. ఒక ఏడు మా నాయిన ఆ నీళ్లు చెంబులో పట్టుకొచ్చి ఇంటి నాలుగు మూలలా చల్లాడు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పళ్లు పచ్చబడ్డ ఊళ్లలో వరదను చూసి ఎవరు భయపడతారు?

కరువు చరిత్ర మాకు నోటికి వచ్చు. ఏ ఏడు చెరువులో క్రికెట్ ఆడామో, ఏ ఏడు పశువుల్ని అంగడికి తోలారో, పాలమూరు లేబర్ ఏ డ్యామ్ పనికి వలస పోయిందో చెప్పగలం. వరద సంగతి అడిగితే మాత్రం అందరం కృష్ణ వైపే చెయ్యి చూపిస్తాం. శ్రీశైలం అంటాం, 2009 అంటాం, సాగర్ ఇరవై ఆరు గేట్లు ఎత్తారంటాం. ఆగస్టు వచ్చిందంటే టీవీలో అదే బొమ్మ. సాగర్ గేట్లు ఎత్తిన ఆదివారం హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. చేపల ఫ్రై బండ్ల దగ్గర కూర్చోవడానికి చోటు దొరకదు. నేనూ పోయాను, ఫొటోలు దిగాను, ఒప్పుకుంటాను.

కానీ ఈ నేల మీద వరద మనుషుల్ని పట్టుకుపోయిన చోట్లు లెక్కపెట్టి చూడండి. చిన్న చెరువు కింద, పేరు కూడా సరిగ్గా తెలియని వాగు మీద, రోడ్డు కింద వేసిన తూము దగ్గర. మన డబ్బు, మన కెమెరాలు, మన జాగ్రత్త అన్నీ పెద్ద గేట్ల దగ్గర కాపలా కాస్తుంటే, చావు వెనక సందులోంచి వచ్చి పోతోంది. ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. ఒక రాత్రి చెరువు కట్ట కింద కూర్చుంటే తెలిసింది.

2005 అక్టోబరు. దీపావళి దగ్గర పడింది. భువనగిరిలో డిగ్రీ చదువుతున్నాను, పండుగకని ముందే ఇంటికొచ్చాను. రెండు రోజులుగా వాన వదలడం లేదు. 28వ తేదీ రాత్రి పన్నెండు దాటాక చెరువు నీళ్లకు కాపలా ఉండే నీరటి తాత వచ్చి తలుపు కొట్టాడు.

"పటేలా, లేవుండ్రి. రాళ్లు తియ్యాలె."

ఏ రాళ్లో చెప్పాలి. చెరువు నిండుతుందనగానే ఆయకట్టు రైతులు రాత్రిపూట పోయి అలుగు మీద అడుగెత్తున బండరాళ్లు పేర్చి, సందుల్లో మట్టీ గడ్డీ కుక్కేవాళ్లు. ఆ అడుగు నీళ్లు ఎక్కువ ఆగితే యాసంగిలో చివరి మడికి ఇంకో తడి అందుతుంది. శిఖంలో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలలో, సాగు చేసుకునేవాళ్లు ఇంకో రాత్రి పోయి ఆ రాళ్లు పీకేసేవాళ్లు, ఎందుకంటే ఆ అడుగు నీళ్లు నిలిచేది వాళ్ల చేలల్లో. చెరువు నిండిన ప్రతి ఏడూ మా ఊళ్లో ఈ కొట్లాట ఉండేది. ఒకసారి తలలు పగిలి పోలీస్ స్టేషన్ దాకా పోయింది. ఆ ఏడు రాళ్లు పేర్చినవాళ్లలో మా నాయిన ఒకడు. తాత అందుకే ముందు మా ఇంటికే వచ్చాడు.

మేం పోయేసరికి పది పన్నెండు మంది చేరారు. అలుగు మీద నీళ్లు మోకాళ్లు దాటి పోతున్నాయి. చేపల గుత్తకు తీసుకున్నవాళ్లు చేపలు దాటిపోకుండా అలుగుకు అడ్డంగా జాలీ కట్టారు. దానికి తుమ్మకంప, గుర్రపుడెక్క, ఎక్కడిదో ఒక గడ్డివాము సగం వచ్చి తట్టుకొని, అలుగు అలుగే గోడ అయిపోయింది. గౌండ్లాయన తాటిచెట్టు ఎక్కే మోకు తెచ్చాడు. దాన్ని నడుముకు కట్టుకొని ఇద్దరు దిగి ముందు జాలీ కోశారు, తర్వాత రాళ్లు దొర్లించారు. ఒక్కో రాయి కదిలినప్పుడల్లా నీళ్ల చప్పుడు మారేది. గురక పెట్టే మనిషి పక్కకు తిరిగినట్టు.

తాత మాత్రం అలుగు దగ్గర ఆగలేదు. కట్ట దిగువన చీకట్లో నడుచుకుంటూ పోయి, తూముకు కొంచెం దూరంలో ఒకచోట కూర్చున్నాడు. కట్ట మొదట్లో సన్నగా నీళ్లు ఊరుతున్నాయి. దోసిట్లో పట్టి నా బ్యాటరీ లైటు ముందు పెట్టాడు.

"తెల్లగనే ఉన్నయి. నువ్వు ఈడనే కూసో బిడ్డా. ఎర్రగైనయనుకో, ఒక్క కేక వెయ్యి, ఊరు లేపాలె."

ఆ రాత్రి తెల్లారేదాకా ఒక ఊట ముందు లైటు వేసుకొని కూర్చున్నాను. మట్టికట్ట అన్నాక ఎంతో కొంత నీరు ఊరుతుంది, దానికి భయపడక్కర్లేదు. ఊరే నీళ్లు తేటగా ఉన్నంతసేపు వస్తున్నది నీళ్లే. ఎర్రబడ్డాయంటే నీళ్లతో పాటు కట్ట కూడా వస్తోందని అర్థం. ఎండ్రకాయ బొరియో, ఎలుక కలుగో, ఎప్పుడో కొట్టేసిన చెట్టు వేరు కుళ్లిన సందో దారిస్తుంది. ఆ సందు బెత్తెడై, మూరెడై, బుంగ పడి, గండి అవుతుంది. బుంగ పడ్డాక మనిషి చేయగలిగింది పరుగెత్తడమే. తర్వాత చాలా ఏళ్లకు నీటిపారుదల శాఖలో పనిచేసే ఒక ఫ్రెండ్ చెప్పాడు, పెద్ద డ్యాముల దగ్గర కూడా ఊట నీళ్లను కొలిచి, అందులో మట్టి వస్తోందా అని చూస్తారట. తాత దగ్గర పరికరం రెండు చేతులు.

తెల్లారింది. నీళ్లు ఎర్రబడలేదు. చలికి నా పళ్లు టకటక కొట్టుకుంటుంటే నాయిన తన తువ్వాల కప్పాడు. ఇంటికొచ్చి ఛాయ్ తాగుతుండగా వలిగొండ వార్త తెలిసింది.

అదే తెల్లవారుజామున, రామన్నపేట–వలిగొండ మధ్య, పైన చెరువు తెగి వచ్చిన నీళ్లకు ఒక చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. పట్టాల కింద నేల లేదన్న సంగతి చీకట్లో తెలియక, రేపల్లె నుంచి సికింద్రాబాద్ పోయే డెల్టా ప్యాసింజర్ వచ్చి అందులో పడింది. కనీసం 114 మంది చనిపోయారు. మా ఊరివాళ్లం ట్రాక్టర్ మీద పోయాం. బోగీ ఒకటి మూతి కిందికి పెట్టి నీళ్లలో ఉంది. నాకు బోగీకన్నా ఎక్కువ గుర్తున్నది బురదలో ఒక స్టీలు టిఫిన్ డబ్బా, మూత కూడా ఊడలేదు. ఆ వాగును ఎండాకాలం గొర్రెలు దాటుతాయి.

సాయంత్రానికి ఢిల్లీలో బాంబులు పేలాయి, టీవీలన్నీ అటు తిరిగాయి. వలిగొండ ఒక్క పూట వార్త అయింది. అంతకన్నా నన్ను ఇప్పటికీ గుచ్చేది ఇంకొకటుంది. దాన్ని మనం రైలు ప్రమాదాల లిస్టులో రాసుకున్నాం. నల్గొండ వరదల చరిత్ర ఎవరైనా రాస్తే అందులో మొదటి పేజీలో ఉండాల్సింది అది. కృష్ణ పొంగలేదు, ఏ గేటూ విరగలేదు. చెరువు తెగింది, వాగు పొంగింది, కింద ఉన్న చిన్న వంతెన ఆగలేదు. అంతే.

ఈ పాఠం మనకు కొత్తదేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. దాదాపు పదిహేను వేల మంది పోయారని చెప్తారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికిన కథ, పురానాపూల్ నిలబడి మిగతా వంతెనలు కొట్టుకుపోయిన కథ అందరికీ తెలుసు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఆయన సలహాతో మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ రావడం కూడా బడిలో చదువుకున్నదే. తక్కువ మంది తలుచుకునే లెక్క ఒకటి ఉంది. నగరానికి పైన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉంటే, ఆ వానకు 221 తెగాయి. గొలుసుకట్టు చెరువులు మన గొప్ప అని ఉపన్యాసాల్లో చెప్పుకుంటాం. గొప్పే. పై చెరువు అలుగు నీళ్లే కింది చెరువుకు తిండి. కానీ అదే గొలుసులో పై చెరువు తెగితే, కింది చెరువుకు తన వాన ఒకటి, పైవాడి వాన ఒకటి, రెండూ ఒక్క గంటలో వచ్చి మీద పడతాయి. అదీ తెగుతుంది. దాని కిందిదీ తెగుతుంది. హైదరాబాద్‌ను ముంచిన నీళ్లలో ఆకాశం వాటా ఎంతో, గండ్ల వాటా ఎంతో.

రెండు సాగర్లు కట్టాక నగరం చాలా ఏళ్లు నిశ్చింతగా పడుకుంది. అది చిన్న సంగతి అనను. విశ్వేశ్వరయ్య మీద నాకు గౌరవం తప్ప ఇంకేమీ లేదు. కాకపోతే ఆ విజయం మనకొక అలవాటు నేర్పింది. వరద రక్షణ అంటే పెద్ద గోడ, దానికి గేట్లు, గేట్ల దగ్గర ఒక ఇంజనీరు. 221 గండ్ల సంగతి ఫైలులోనే ఉండిపోయింది.

ఇక ఆ గేట్లు ఎత్తితే నీళ్లు ఎటు వస్తాయి? మా మీదికే. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ దాటి భువనగిరి, వలిగొండ పక్క నుంచి సూర్యాపేట వైపు పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరంలో స్క్రోలింగ్ వచ్చేది "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని. మా దగ్గర దానికి అర్థం రుద్రవెల్లి దగ్గర రోడ్డు బంద్, సంగెం భీమలింగం దగ్గర రోడ్డు బంద్. రెండూ నీళ్లకు అందేంత ఎత్తున కట్టిన లోలెవల్ వంతెనలు. కంప అడ్డం వేస్తారు, పోలీసాయన ఒకరు నిలబడతారు. ఆయన ఛాయ్‌కి పోయిన పది నిమిషాల్లో ఎవడో ఒకడు బండి దింపుతాడు. 2020 అక్టోబరు వానలకు రోజుల తరబడి చుట్టు తిరిగి పోయాం. ఇప్పుడైతే మూసీ ఎండాకాలం కూడా పారుతుంది, నగరం డ్రైనేజీ పుణ్యమా అని. నురగతో పారే ఆ నీళ్లతోనే మా వైపు వరి పండుతుంది, ఆ బియ్యం మళ్లీ నగరానికే పోతుంది. సరే, అది వేరే వ్యాసం.

కృష్ణ సంగతి అసలు ఎత్తకుండా దాటేస్తే మోసం చేసినట్టవుతుంది. 2009 చూసినవాడు నది ప్రమాదం కాదని అనలేడు. ఆ ఏడు వానాకాలం దేశమంతా ఎండగొట్టింది, దశాబ్దాల్లో అంత కరువు లేదన్నారు. సెప్టెంబరు చివర ఒక్కసారిగా కర్ణాటకలో, కర్నూలు, పాలమూరు జిల్లాల్లో ఆకాశం విరిగి పడింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చింది. నిండు మట్టం 885 అడుగులు, నీళ్లు 896 దాటాయి. కర్నూలు మునిగింది. ఇవతల అలంపురంలో జోగులాంబ గుళ్లోకి నీళ్లొచ్చాయి. సాగర్‌లో ఖాళీ ఉండబట్టి కింద విజయవాడ గట్టెక్కింది.

వరద తగ్గిన పది రోజులకు ఫ్రెండ్స్‌తో కలిసి బియ్యం బస్తాలు వేసుకొని తుంగభద్ర ఒడ్డున రాజోలికి పోయాను. నేతగాళ్ల ఊరు. ఇళ్లు కూలిన సంగతి పేపర్లలో వచ్చింది, దానికి సిద్ధపడే పోయాను. మగ్గం గుంటలకు మాత్రం సిద్ధపడలేదు. నేతగాడు కాళ్లు పెట్టుకొని కూర్చునే ఆ గుంటలో ఒండ్రు మట్టి అంచు దాకా నిండి, పైన నెర్రెలు కొట్టింది. ఇంటాయన గిన్నెతో తోడుతున్నాడు. లోపలి నుంచి పట్టు దారం ఉండలు ఉండలుగా వస్తోంది. జరీ మెరుపు పోలేదు, పట్టు మాత్రం కుళ్లి కంపు కొడుతోంది. "చీర సగం అయింది సార్. షావుకారుకు ఏం జెప్పాలె?" అన్నాడు. నష్టపరిహారం ఫారంలో ఇల్లుకు ఒక గడి ఉంటుంది, పశువుకు ఒక గడి ఉంటుంది. సగం నేసిన చీరకు గడి ఏదీ?

కాబట్టి పెద్ద నది పెద్ద నష్టమే చేస్తుంది. కానీ అది చెప్పి వస్తుంది. ఎగువన ఆల్మట్టి నుంచి ఎంత, జూరాలకు ఎంత, తుంగభద్రకు ఎంత అని గంట గంటకూ లెక్క ఉంటుంది. 2009లో ఎవరు ఎప్పుడు నీళ్లు వదలాల్సింది, డ్యామ్‌లో ఎంత ఖాళీ ఉంచాల్సింది అన్నదాని మీద ఇప్పటికీ వాదించుకుంటున్నాం. వాదించుకోవడానికి లెక్క ఉంది. రక్షణ కట్టడాలకూ అక్కడ కొదవ లేదు. శ్రీశైలం కట్టినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. సోమశిల గుళ్లను, జటప్రోలు గుళ్లను, కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి మెరక మీద మళ్లీ కట్టారు. అలంపురం గుళ్లకు అడ్డుగోడ కట్టారు. దేవుళ్లకు పునరావాసం బాగానే జరిగింది. మనుషుల సంగతి ముంపు ఊళ్లవాళ్లను అడగాలి. అయినా ఒకటి మాత్రం నిజం, ఆ నది ఎంత ఎత్తు లేస్తుందో లెక్కగట్టిన మనిషి ఒకడు ఉన్నాడు.

మా చెరువుకు ఆ మనిషి నీరటి తాత. ఆయన పోయాక ఎవరూ లేరు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే కామెంట్లలో తిడతారు, తిట్టాలి కూడా. నీరటి వ్యవస్థ స్వర్గమేం కాదు. చాలా ఊళ్లలో ఆ పని దళితుల మీద వేసిన వెట్టి. కల్లం దగ్గర మేర పెట్టినప్పుడు నాలుగు కుంచాల వడ్లు, పెట్టకపోతే తిట్లు. మా తాతను రాత్రంతా నీళ్లలో నిలబెట్టిన ఊరు, పొద్దున ఆయనకు ఛాయ్ వేరే గ్లాసులో ఇచ్చింది. నేను చూశాను. పాత రోజులు రావాలని నేను కోరుకోవడం లేదు. పాత రోజుల్లోనూ చెరువులు తెగాయని 1908 లెక్కే చెప్తోంది. తర్వాత నీరటులు, మస్కూర్లు అందరూ వీఆర్‌ఏలు, అంటే గ్రామ రెవెన్యూ సహాయకులు, అయ్యారు. ఎమ్మార్వో ఆఫీసులో ఫైళ్లు మోశారు, మంత్రి వస్తే కుర్చీలు వేశారు. 2023లో వీఆర్‌ఏ వ్యవస్థనే తీసేసి, వాళ్లను వేరే వేరే శాఖల్లో సర్దారు. కొంతమంది నీటిపారుదల శాఖలో కాలువలు, తూములు చూసే లష్కర్లు అయ్యారు. జీతం వచ్చింది, మర్యాద వచ్చింది, మంచిదే. కాకపోతే ఈ మార్పులన్నిటి మధ్య మా చెరువు కట్ట మీద రాత్రిపూట నడిచే కాళ్లు మాయమయ్యాయి.

మనిషితో పనేంటి, అంతా ఆటోమేటిక్ చేస్తే పోలా అనేవాళ్లకు సరళాసాగర్ చూపిస్తాను. కొత్తకోట దగ్గర, వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరున మొదలుపెట్టించిన ప్రాజెక్టు. 1949లో శంకుస్థాపన, 1959లో ప్రారంభం. దాని అలుగు ఒక వింత. గేటు లేదు, గేటు తిప్పే మనిషి లేడు. కాంక్రీటు గొట్టాల్లాంటి సైఫన్లు ఉంటాయి. నీళ్లు ఒక మట్టం దాటగానే గొట్టంలో గాలి బయటికి పోయి, చెరువు నీళ్లను అదే లాగి బయట పోస్తుంది. మట్టం తగ్గి గాలి చొరబడగానే అదే ఆగిపోతుంది. డీజిల్ డ్రమ్ములోంచి పైపుతో నోటితో లాగి వదిలినట్టే. చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో చూసి మాస్టారు చెప్పింది నమ్మలేదు. 2019 డిసెంబరు 31 తెల్లవారుజామున ఆ సరళాసాగర్ కట్ట తెగింది. అది వానాకాలం కూడా కాదు. ఎత్తిపోతల పుణ్యాన కాలువల్లో కృష్ణ నీళ్లొచ్చి ప్రాజెక్టు చాలా ఏళ్లకు నిండింది, ఊళ్లవాళ్లు సంబరపడ్డారు. అరవై ఏళ్ల నాటి సైఫన్లు అలాగే నిలబడ్డాయి. తెగింది పక్కనున్న మట్టికట్ట. తర్వాత కొన్ని నెలల్లోనే మళ్లీ కట్టేశారు, అది మెచ్చుకోవాలి.

ఇందులో నాకు కనబడేది ఇది. కరువు నేల మీద కట్టలు ఏళ్ల తరబడి ఎండుతాయి, నెర్రెలు కొడతాయి, ఎలుకలు కాపురం పెడతాయి, తుమ్మచెట్లు వేళ్లు దించుతాయి. ఎప్పుడో ఒక ఏడు హఠాత్తుగా నిండు నీళ్లు వచ్చి ఆనుకుంటాయి. ఎప్పుడూ నిండి ఉండే చెరువుకన్నా ఎప్పుడో నిండే చెరువుకే కాపలా ఎక్కువ కావాలి. ఎత్తిపోతలు వచ్చాక ఇది ఇంకా నిజం. వాన పడకపోయినా చెరువు నిండుతోంది. మిషన్ కాకతీయలో 2015 నుంచి పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, మా ఊరి అలుగుకూ సిమెంటు పడింది. అయినా జాలీలు కట్టడం ఆగలేదు, అలుగు కింద వాగును కొలిచినవాడు లేడు.

2024 సెప్టెంబరు 1న కోదాడలో ఇద్దరు వరద నీళ్లలో కొట్టుకుపోయి చనిపోయారు. కృష్ణ పొంగి కాదు, ఊళ్లోకి వచ్చిన నీళ్లకు. అదే రోజు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. కింద వరి చేలు ఇసుక మేటలయ్యాయి. దానికి రెండేళ్ల ముందు, 2022 జులైలో మహబూబ్‌నగర్ దగ్గర ఒక రైల్వే అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలో స్కూల్ బస్సు చిక్కుకుంది. కిటికీల దాకా నీళ్లు. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చి పిల్లల్ని దింపారు. ఇవేవీ నది వరదలు కావు. నీళ్లు పోయే చోట రోడ్డు వేశాం, రోడ్డు పోయే చోటికి నీళ్లొచ్చాయి.

ఇంతసేపూ ఊరి మీద, సర్కారు మీద రాసుకుంటూ పోయాను. ఇప్పుడు నా సంగతి.

2016లో జిల్లాలో ఒక టౌన్ పక్కన రెండు వందల గజాల ప్లాటు కొన్నాను. వెంచర్ పేరు, వేసినవాళ్ల పేరు ఎందుకులెండి. బ్రోచర్ మీద పెద్ద అక్షరాలు: "నాలా కన్వర్షన్ పూర్తయింది." వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చినందుకు సర్కారుకు ఫీజు కట్టామని దాని అర్థం. మన భాషలో నాలా అంటే నీళ్లు పారే కాలువ అని మీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ రోజు నవ్వు రాలేదు. ప్లాటు మధ్యలో కొంచెం పల్లంగా ఉందేంటని అడిగితే ఏజెంటు "పాత బండ్ల బాట సార్, మొరం కొట్టిస్తం" అన్నాడు.

రిజిస్ట్రేషన్ అయ్యాక నాయినను తీసుకుపోయి చూపించాను. ఆయన ప్లాటు చూడలేదు, గడ్డి చూశాడు. చెప్పు కాలితో ఒక మొక్కను పక్కకు నెట్టాడు.

"తుంగ మొలిచిందిరా ఈడ."

"అయితే ఏంది నాయినా?"

"ఇది వాగు."

పైకి చూపించాడు. అర కిలోమీటరు దూరంలో టౌన్ చెరువు కట్ట కనబడుతోంది, దాని మూలన అలుగు. అక్కడ నలభై అడుగుల వెడల్పున మొదలైన వాగు, రెండు కాలనీల మధ్య సన్నబడి, మెయిన్ రోడ్డు కింద సిమెంటు పైపులో దూరి, ఇవతల మా వెంచర్‌లో "ముప్పై ఫీట్ల రోడ్డు"గా తేలింది. నేను ఆయన మీద చిరాకు పడ్డాను. పైసలు కట్టేసిన మనిషికి నిజం చెప్తే వచ్చే చిరాకు అది. 2020 అక్టోబరులో ఆ రోడ్డు తన పాత పని మళ్లీ మొదలుపెట్టింది. అప్పటికి అక్కడ రెండు ఇళ్లు లేచాయి. ఒక రిటైర్డ్ టీచరు, ఆయన భార్య రెండు రాత్రులు డాబా మీద ఉన్నారు. నడుము లోతు నీళ్లు.

ఇంత జరిగాక నాకు అర్థమైన తేడా ఒకటి చెప్తాను, ఇది ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. చెరువుల రక్షణ అంటే ఇప్పుడు అందరి నోటా ఎఫ్‌టీఎల్ మాట. చెరువు నిండితే నీళ్లు ఎంత దూరం నిలుస్తాయో గుర్తుపెట్టి రాళ్లు పాతడం. మంచిదే. కానీ ఆ రాళ్లన్నీ కట్టకు పైనే ఉంటాయి. కట్ట కింద, అలుగు దగ్గర నుంచి కింది చెరువు దాకా నీళ్లు పోయే దారికి రాయి లేదు. ఊరి నక్షాలో సన్నని గీత ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. శిఖంలో ఇల్లు కట్టినవాడి ఇంట్లోకి నీళ్లు నెమ్మదిగా ఎక్కుతాయి, సామాను తీసుకొని బయటపడొచ్చు. అలుగు వాగులో ఇల్లు కట్టినవాడి మీదికి అవి ఉరుక్కుంటూ వస్తాయి.

అందుకే నేను అడిగేవి చిన్న పనులు. అలుగు వాగుకు కూడా కొలత వేయాలి, రెండు వైపులా రాళ్లు పాతాలి, ఆ నంబర్లలో లేఅవుట్‌కు పర్మిషన్ ఇవ్వొద్దు. చెరువుకు ఒక లష్కరు ఉండాలి, రాత్రి డ్యూటీకి అలవెన్సు ఉండాలి, గంబూట్లు, మంచి టార్చిలైటు ఉండాలి. జాలీ కడితే గుత్త రద్దు చేయాలి. వానాకాలం ముందు గ్రామసభలో అలుగు మీద రాళ్ల పంచాయితీ తేల్చుకోవాలి, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాక కాదు. సంగెం దగ్గరా రుద్రవెల్లి దగ్గరా నీళ్లకు అందనంత ఎత్తున వంతెనలు ఉండాలి. వీటి శంకుస్థాపనకు ఏ మంత్రీ హెలికాప్టర్‌లో రాడు, అదే వీటి కష్టం.

ఆయకట్టు రైతుకు ఆ అడుగు నీళ్లు వద్దని చెప్పడం తేలిక కాదని కూడా తెలుసు. మా నాయిన ఆ రాళ్లు దుర్మార్గంతో పెట్టలేదు. చివరి మడి మాదే. ఆ యాసంగి అది ఎండింది, మేం రాళ్లు తీశాం కాబట్టి. ఊరిని కాపాడిన ఖర్చు మా చివరి మడి మీద పడింది, దాన్ని ఎవరూ లెక్క రాయలేదు. అలుగు ఎత్తు తగ్గించమనేవాళ్లు ఆ మడికి తడి ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. పోయిన వానాకాలం ఊరికి పోయినప్పుడు చూశాను, అలుగు సిమెంటు మీద మళ్లీ రాళ్లు పేర్చి ఉన్నాయి. ఈసారి సందుల్లో మట్టికి బదులు ప్లాస్టిక్ బస్తాలు.

ప్లాటు ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మేద్దామని ఒక యాప్‌లో పెట్టాను. మొన్న ఒకాయన ఫోన్ చేశాడు. దేవరకొండ వైపు మనిషి, కూతురి పెళ్లికి ముందు ఒక స్థలం చూస్తున్నాడట. రేటు అడిగాడు, రోడ్డు ఎన్ని ఫీట్లు అని అడిగాడు, నాలా కన్వర్షన్ అయిందా అని అడిగాడు.

"అన్నా, ముందుగనే చెప్తున్న. అది అలుగు వాగు. చెరువు నిండితే నీళ్లొస్తయి, నడుము లోతు."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"మరి గజానికి ఎంత తగ్గిస్తరు?" అన్నాడు.